కేసు మూసేశాక మొదలయ్యే కథ: ‘ట్రూ డిటెక్టివ్’ని జనం ఇంతగా ఎందుకు పట్టుకున్నారు?

అద్దె లైబ్రరీల నుంచి డిటెక్టివ్ నవలలు తెచ్చుకుని చదివిన తరానికి ఓ బెంగ ఉండేది. ఆఖరి పేజీలు ఎవరైనా చింపేశారేమోనని. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ హంతకుణ్ణి బయటపెట్టే ఆ నాలుగు పేజీలూ లేకపోతే పుస్తకమంతా దండగే. అవి చదివేశాక మాత్రం ఆ పుస్తకంతో పనుండేది కాదు. తిరిగిచ్చేసి ఇంకోటి తెచ్చుకోవడమే.

‘ట్రూ డిటెక్టివ్’ దగ్గర ఈ లెక్క తారుమారైంది. 2014 జనవరి 12న హెచ్‌బీఓలో మొదలైన ఈ అమెరికన్ సిరీస్ మొదటి సీజన్‌లో హంతకుడెవరో దానిమీద ఆసక్తి ఉన్నవాళ్లందరికీ ఎప్పుడో తెలిసిపోయింది. అయినా మళ్లీ మళ్లీ చూస్తున్నారు. అది వచ్చిన రోజుల్లో బడికెళ్తున్న పిల్లలు ఇవాళ శ్రీకాకుళం సెవెన్ రోడ్స్ జంక్షన్‌లోనో, విజయనగరం మూడు లాంతర్ల దగ్గరో టీ తాగుతూ అందులోని డిటెక్టివ్ రస్ట్ కోల్ అన్న మాటల గురించి వాదులాడుకోవడం నేను విన్నాను. ఎక్కడో లూసియానా చిత్తడి నేలల్లో జరిగిన కథకీ మనకీ ఏం సంబంధం? చాలానే ఉందని నా నమ్మకం. అయితే ముందు ఈ సిరీస్ ఎలా కట్టారో చెప్పుకోవాలి. చెప్పే క్రమంలో కథల గుట్టు కూడా బయటపడుతుంది కాబట్టి, చూడనివాళ్లు ముందు మొదటి సీజన్ చూసేసి వచ్చినా మంచిదే.

ఇది ఆంథాలజీ. అంటే ప్రతి సీజన్‌కీ కథ, ఊరు, నటులు అన్నీ మారిపోతాయి. ఒక సీజన్ చూడకపోయినా ఇంకోటి అర్థమవుతుంది. మరి ఇవన్నీ ఒకే సిరీస్ ఎలా అవుతాయి? మన పల్లెల్లో జముకుల కథ చెప్పే దళాన్ని గుర్తుచేసుకుంటే ఇట్టే తెలుస్తుంది. ఈ రాత్రి ఒక కథ, రేపు రాత్రి ఇంకో కథ. కానీ జముకు మోత అదే, వంత పాడే తీరు అదే, ఏడిపించే చోట గొంతు తగ్గించే పద్ధతీ అదే. జనం వచ్చేది ఆ తీరు కోసం. ‘ట్రూ డిటెక్టివ్’లో ఆ తీరు ఏమిటంటే, ఇద్దరో ముగ్గురో పోలీసులు, ఏళ్ల తరబడి వదలని ఒక కేసు, దాన్ని లోపల దాచుకున్న ఒక నేల.

ఈ పద్ధతి వల్ల ఒక మేలు జరిగింది. మామూలు సిరీస్‌కి ఒప్పుకుంటే నటుడు ఏళ్లపాటు కట్టుబడి ఉండాలి. ఎనిమిది ఎపిసోడ్లతో కథ తెమిలిపోతుందంటే పెద్ద సినిమా తారలు కూడా వస్తారు. రస్ట్‌గా మాథ్యూ మెకానహే, అతని జోడీ పోలీసు మార్టీగా వుడీ హారెల్సన్ అలాగే వచ్చారు. మొదటి సీజన్ ఇంకా ప్రసారమవుతుండగానే, 2014 మార్చి 2న మెకానహేకి ఉత్తమ నటుడిగా ఆస్కార్ వచ్చింది. సరిగ్గా వారానికి ఆఖరి ఎపిసోడ్. ఆ రాత్రి జనం ఒక్కసారిగా ఎగబడడంతో హెచ్‌బీఓ వాళ్ల ఆన్‌లైన్ సర్వీసు మొరాయించింది.

ఇంకో అరుదైన సంగతి కూడా ఉంది. అమెరికన్ టీవీలో సాధారణంగా రచయితలు ఒక బృందంగా కూర్చుని రాస్తారు, ఎపిసోడ్‌కో దర్శకుడు మారతాడు. ఇక్కడ ఎనిమిదీ నిక్ పిజోలాటో ఒక్కడే రాశాడు, ఎనిమిదీ కేరీ జోజి ఫుకునాగా ఒక్కడే తీశాడు. ఎనిమిది గంటల సినిమా చూసినట్టు ఉంటుందని చూసినవాళ్లు అనేది ఇందుకే. ఎపిసోడ్ మారినా ఆ బరువు, ఆ ఉక్కపోత చెదరవు.

అందరూ ముందు ఎత్తేది నాలుగో ఎపిసోడ్ చివర్లో వచ్చే ఆరు నిమిషాల షాట్. పోలీసునన్న సంగతి దాచి, రస్ట్ ఒక ముఠాతో కలిసి పేదల కాలనీలో దోపిడీకి వెళ్తాడు. అది బెడిసికొడుతుంది. ఇళ్లలోంచి ఇళ్లలోకి, పెరళ్లలోంచి కంచె మీదుగా అవతలికి, కెమెరా ఎక్కడా కట్ లేకుండా అతని వెంటే పోతుంది. గొప్ప పనితనమే, సందేహం లేదు. ఆ ఎపిసోడ్‌కి ఫుకునాగా అమెరికన్ టీవీ అవార్డు ఎమ్మీ కూడా అందుకున్నాడు. కానీ ఈ సిరీస్ గుండె అక్కడ లేదు. అది తర్వాతి ఎపిసోడ్‌లో ఉంది.

కథ 1995లో మొదలవుతుంది. కోతకు ముందు తగలబెట్టిన చెరకు తోట దగ్గర, చెట్టు మొదట్లో డోరా లాంగ్ అనే అమ్మాయి శవం. తల మీద జింక కొమ్ములు. రస్ట్, మార్టీ కేసు పట్టుకుంటారు. దీన్నంతా 2012లో వాళ్లిద్దరూ వేర్వేరు గదుల్లో కూర్చుని కొత్త తరం పోలీసులకి చెబుతుంటారు. రస్ట్ బీరు తాగుతూ, ఖాళీ డబ్బాలు కోసి చిన్న చిన్న రేకు బొమ్మలు చేస్తుంటాడు. ఐదో ఎపిసోడ్‌లో అనుమానితుడు రెజీ లెడూ స్థావరం మీద దాడి ఘట్టం వస్తుంది. మాటల్లో ఇద్దరూ ఒకటే చెబుతారు: అవతలివాళ్లు తుపాకులతో విరుచుకుపడ్డారు, తూటాల వాన కురిసింది, ప్రాణాలు కాపాడుకోవడానికి మేం ఎదురు కాల్చాం. అదే సమయంలో తెర మీద మనకు కనబడేది వేరు. ఇద్దరూ చప్పుడు కాకుండా గడ్డిలో నక్కి వెళ్తారు. లెడూ చేతులకు బేడీలు పడతాయి. మార్టీ లోపలికెళ్లి అక్కడ బంధించి ఉన్న పిల్లల్ని చూస్తాడు. బయటికొచ్చి, బేడీలతో ఉన్న మనిషి తల మీద కాల్చేస్తాడు. తూటాల వాన గుర్తులు ఆ తర్వాత తయారవుతాయి. రస్ట్ తుపాకీ తీసుకుని చెట్ల మీదకీ గోడల మీదకీ కాలుస్తాడు.

చెవికి ఒక కథ, కంటికి ఇంకో కథ, రెండూ ఏకకాలంలో. ఈ ఘట్టాన్ని మా పెదనాన్నకి చూపించాను. ఆయన వకీలు గుమస్తాగా పనిచేసి రిటైరయ్యారు. ఇంగ్లిష్ అంతగా పట్టుబడదు, కానీ చూస్తున్నది ఏమిటో ఆయనకు నేను చెప్పాల్సిన అవసరం రాలేదు. “కాగితం మీద అలాగే ఉంటాది బాబూ,” అన్నారు. “పంచనామా చదివితే నువ్వు కూడా అక్కడున్నట్టే ఉంటాది. నిజంగా ఉన్నోడికి మాత్రం అది వేరే ఊరి సంగతిలాగుంటాది.”

శ్రీకాకుళం వాళ్లకు ఇది కొత్త కాకపోవడానికి పెద్ద కారణమే ఉంది. 1960ల చివర్లో ఇక్కడి ఏజెన్సీలో రైతాంగ పోరాటం నడిచింది. 1970 జులైలో దాని నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం చనిపోయారు. ఎదురుకాల్పుల్లో అని ప్రభుత్వం చెప్పింది. పట్టుకుని కాల్చారని ఉద్యమం వైపు వాళ్లు చెప్పారు. ఇన్ని దశాబ్దాలు గడిచినా రెండు కథలూ పక్కపక్కనే బతుకుతున్నాయి. ఆ పోరాటం మీద ఎవరి అభిప్రాయం ఏదైనా కావచ్చు. కానీ ఒకే సంఘటనకు రెండు చరిత్రలు ఉంటాయని, అందులో ఒకదానికే ముద్ర పడుతుందని తాతల నోట వింటూ పెరిగిన ప్రాంతం ఇది. అలాంటి చోట పుట్టినవాడికి ఐదో ఎపిసోడ్ వట్టి థ్రిల్లర్ ఘట్టంలా ఉండదు.

నా దృష్టిలో ఈ సిరీస్ మీద మోజుకి అసలు కీలకం ఇదే. ప్రతి సీజన్‌లోనూ కేసు ఏదో ఒక రకంగా మూతపడుతుంది. మూసిన ఫైలుకీ ఊరికి తెలిసిన నిజానికీ మధ్య మిగిలిపోయిన ఖాళీలోనే కథంతా నడుస్తుంది. లెడూ చావుతో 1995లో కేసు మూసేసి ఇద్దరికీ మెచ్చుకోళ్లు దక్కాయి. అసలు మనిషి మాత్రం బయటే ఉన్నాడు. పదిహేడేళ్ల తర్వాత ఆ హంతకుడు ఎరల్ చైల్డ్రెస్ కూడా దొరికాక, టీవీ వార్తల్లో ఓ ముక్క వినిపిస్తుంది: రాజకీయంగా బలమున్న టటిల్ కుటుంబంతో అతనికి సంబంధం ఉందన్న మాటలు అబద్ధమట. చేయి దొరికింది, దాని వెనకున్న మనిషి దొరకలేదు.

ఆ ముగింపు చూసి అప్పట్లో చాలామంది నొచ్చుకున్నారు. దానికి కారణం, ఎపిసోడ్‌కీ ఎపిసోడ్‌కీ మధ్య దొరికిన వారం రోజుల గడువు. ఆ గడువులో ప్రేక్షకులే డిటెక్టివ్‌లయ్యారు. డోరా లాంగ్ డైరీలో ‘పసుపు రాజు’, ‘కార్కోసా’ అనే మాటలు కనిపించాయి. కార్కోసా అనేది ఆంబ్రోస్ బియర్స్ 1886లో రాసిన కథలో పుట్టిన ఊరు. దాన్ని రాబర్ట్ ఛాంబర్స్ 1895లో తన భయానక కథల్లోకి తెచ్చుకున్నాడు. ఇది పట్టుకుని జనం పాత పుస్తకాలు తవ్వారు, ఒక్కో ఫ్రేమ్ ఆపి గోడ మీద బొమ్మలు వెతికారు, మార్టీ కూతురు ఆడుకునే బొమ్మలు పేర్చిన తీరును కూడా అనుమానించారు. ఏ దెయ్యమో, ఏ మహా కుట్రో బయటపడుతుందని ఆశపడ్డారు. చివరికి దారి చూపించింది ఒక పాత ఫొటోలో ఇంటికి కొత్తగా వేసిన ఆకుపచ్చ పెయింటు. హంతకుడు మూడో ఎపిసోడ్‌లోనే గడ్డి కోసే మెషిన్ మీద కూర్చుని మన కళ్ల ముందే కనిపించాడు. రస్ట్ అతనితో మాట్లాడాడు కూడా. మనమెవ్వరం పట్టించుకోలేదు. కోపం రావడం సహజమే. కానీ ఆలోచిస్తే, ఇంతకన్నా భయంకరమైన జవాబు ఏముంటుంది? రాక్షసుడు ఏ లోకం నుంచో రాలేదు. పంచాయతీ పనులకొచ్చే కూలీలా రోజూ కనబడుతూనే ఉన్నాడు.

ఇక నేల సంగతి. ఈ సీజన్‌లో ఏ ఫ్రేమ్ చూసినా మనుషుల వెనక ఏదో ఒకటి ఉంటుంది: నీళ్లు నిలిచిన మైదానం, దూరంగా పొగలు వదిలే రిఫైనరీ, తుపాను కొట్టేసిన చర్చి. లూసియానా రాష్ట్రంలో మిసిసిపీ నది పొడవునా పెట్రోకెమికల్ కర్మాగారాలు బారులు తీరి ఉంటాయి. బాటన్ రూజ్, న్యూ ఆర్లీన్స్ మధ్య ప్రాంతానికి ‘క్యాన్సర్ ఆలీ’ (క్యాన్సర్ సందు) అన్న పేరే పడిపోయింది. రిచర్డ్ మిస్రాక్ అనే ఫొటోగ్రాఫర్ అక్కడ తీసిన చిత్రాల ప్రభావం టైటిల్స్‌లో కనబడుతుంది. మనుషుల ముఖాల్లోనే పొగగొట్టాలు, రోడ్లు మొలిచినట్టుంటాయి. సిరీస్ ఎక్కడా కాలుష్యం గురించి ఉపన్యాసం ఇవ్వదు. వెనకాల చూపించి ఊరుకుంటుంది. పచ్చగా ఉన్న చోట ఏదో కుళ్లుతోందన్న అనుమానం మాత్రం మనలో నాటుకుపోతుంది. సంకిలి, భీమసింగి వైపు చెరకు తోటల మధ్య గట్ల మీద సాయంత్రం పూట నడిచినవాళ్లకి ఆ మొదటి దృశ్యం ఇంకాస్త దగ్గరగా తగులుతుంది. ఎదిగిన చెరకులో పది అడుగుల అవతల ఏముందో కనబడదు. గాలికి ఆకు చప్పుడు తప్ప ఏదీ వినబడదు.

నేలకి ఇంత బరువుంది కాబట్టే, ఊరు సరిగ్గా నిలబడని సీజన్ తేలిపోతుంది. 2015లో వచ్చిన రెండో సీజన్ కాలిఫోర్నియాలో, విన్సీ అనే కల్పిత పారిశ్రామిక పట్టణంలో జరుగుతుంది. రైలు మార్గం పేరుతో భూముల కుంభకోణం, ముగ్గురు పోలీసులు, ఒక గ్యాంగ్‌స్టర్. నటులు తక్కువవాళ్లేం కాదు: కోలిన్ ఫారెల్, రేచల్ మెక్‌ఆడమ్స్, విన్స్ వాన్. కానీ ముడుల మీద ముడులు వేసి, ఎవరు ఎవరికి డబ్బివ్వాలో కూడా గుర్తుండని స్థితికి తెచ్చారు. పై నుంచి తీసిన ఫ్లైఓవర్లు తప్ప ఆ ఊళ్లో బతికే మనిషి కనబడడు. చివర్లో అవినీతిపరులే గెలవడం మాత్రం ఈ సిరీస్ స్వభావానికి తగ్గట్టే ఉంది.

మూడోది, 2019లో వచ్చింది, మొదటిదాని తర్వాత నాకు ఎక్కువ ఇష్టమైంది. ఆర్కాన్సాలో ఇద్దరు పిల్లలు మాయమవుతారు. 1980, 1990, 2015, మూడు కాలాలు. డిటెక్టివ్ వేన్ హేస్‌గా మహర్షలా అలీ. ముసలితనంలో అతనికి మతిమరుపు ముదురుతుంటుంది. కేసు మొదటిసారి చనిపోయిన ఒక మాజీ సైనికుడి మీదకు నెట్టి మూసేస్తారు. పదేళ్ల తర్వాత తెరిచి, ఈసారి చనిపోయిన తండ్రి మీదకు నెట్టి మళ్లీ మూసేస్తారు. బదులు చెప్పుకోలేని చచ్చినవాళ్ల మీద పెట్టేస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు. నిజం వెతికే ఒక్క మనిషికి జ్ఞాపకమే జారిపోతుంటే ఇక ఆ నిజం ఎక్కడుంటుంది? ఈ ప్రశ్నతో ఆ సీజన్ చాలా లోతుకు పోతుంది.

2024 జనవరిలో వచ్చిన నాలుగో సీజన్ దగ్గర అభిమానులు రెండు వర్గాలయ్యారు. రచన, దర్శకత్వం ఇస్సా లోపెజ్ చేతికి వచ్చాయి. ప్రధాన పోలీసులు ఇద్దరూ ఆడవాళ్లు, జోడీ ఫాస్టర్, కేలీ రీస్. అలాస్కాలో ఎన్నిస్ అనే కల్పిత పట్టణం. డిసెంబరు మధ్యలో సూర్యుడు అస్తమిస్తే రోజుల తరబడి మళ్లీ ఉదయించడు. తీసింది మాత్రం ఐస్‌లాండ్‌లో. మొదటి సీజన్‌లో ఆడవాళ్లంటే శవమో, భార్యో, వేశ్యో అన్నట్టుందని అప్పట్లో వచ్చిన విమర్శ న్యాయమైనదే. నాలుగో సీజన్ దానికి గట్టి జవాబు. దెయ్యాల్ని ఎక్కువగా నమ్ముకుందని, మొదటి సీజన్‌తో బలవంతంగా ముడిపెట్టిందని అన్నవాళ్ల మాటలోనూ కొంత నిజముంది. ఫాస్టర్‌కి ఆ ఏడాది ఎమ్మీ వచ్చింది. అయిదో సీజన్‌కీ ఆమోదం దొరికింది.

నేను ఆ సీజన్‌ని వదల్లేకపోవడానికి కారణం వేరు. ఎన్నిస్‌లో గని వల్ల నీళ్లు పాడవుతాయి. కుళాయి తిప్పితే నల్లటి నీళ్లు. కడుపులోనే బిడ్డలు పోతుంటారు. దాన్ని ప్రశ్నించిన స్థానిక తెగ మంత్రసాని ఆనీ హత్యకు గురవుతుంది. ఆ కేసు ఏళ్లు గడిచినా తేలదు. తర్వాత పరిశోధనా కేంద్రంలోని శాస్త్రవేత్తలు మంచులో గడ్డకట్టి దొరుకుతారు. ప్రభుత్వ నివేదిక మంచుచరియల ప్రమాదం అంటుంది. ఏం జరిగిందో అక్కడి ఆడవాళ్లకు తెలుసు. ఇద్దరు పోలీసులకూ తెలుస్తుంది. నివేదిక మాత్రం అలాగే ఉంటుంది.

నీళ్ల మీద అనుమానంతో బతకడమంటే ఏమిటో మన ఉద్దానానికి తెలుసు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు. కొబ్బరి, జీడి తోటలతో చూడముచ్చటైన ప్రాంతం. అక్కడే షుగరూ బీపీ లేనివాళ్లకు కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. నీళ్లు, మట్టి, పురుగుమందులు, ఎండలో ఒళ్లు విరుచుకునే పని, వంశంలో ఉన్న గుణం, ఇలా ఎన్నో అనుమానాలు పరిశోధకుల ముందున్నాయి. ఇదీ కారణమని ఇంతవరకూ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రితో పాటు కిడ్నీ పరిశోధన కేంద్రం, వంశధార నీళ్లను ఊళ్లకు తెచ్చే పథకం మొదలయ్యాయి. ఇక్కడ దోషి ఫలానా అని వేలు చూపడానికి లేదు, చూపకూడదు కూడా. కథకీ జీవితానికీ తేడా అదే. గని యజమానిలాంటి విలన్ కథలో దొరుకుతాడు. డయాలసిస్ కోసం వారానికి రెండుమూడుసార్లు బస్సెక్కే మనిషికి అంత తేలికైన జవాబు కూడా దొరకదు. అయినా ఎన్నిస్ ఆడవాళ్లు గ్లాసు పైకెత్తి నీళ్లలోకి చూసే చూపు మనకి తెలిసిన చూపే.

చూసే పద్ధతి గురించీ చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి సిరీస్‌ని సగం మంది పాడుచేసుకుని చూస్తారు. చీకటి దృశ్యాలు స్ట్రీమింగ్‌కి గండం. మామూలు వీడియోలో ఒక్కో రంగుకీ నలుపు నుంచి పూర్తి వెలుగు దాకా 256 మెట్లే ఉంటాయి. చీకటి సీనంతా అట్టడుగున ఉన్న కొన్ని మెట్ల మీదే నడవాలి. పైగా డేటా తగ్గించడానికి ఫైలుని కుదించేటప్పుడు, కంటికి అంతగా ఆనదని ముందు తీసేసేది చీకట్లోని వివరాల్నే. అందుకే నెట్ నెమ్మదించగానే నల్లటి ఆకాశం గళ్లు గళ్లుగా, చారలు చారలుగా విరిగిపోతుంది. మొదటి సీజన్‌ని 35 ఎంఎం ఫిల్మ్ మీద తీశారు. ఆ చీకట్లో గింజలాంటి నునుపు లేని తనం ఉంటుంది. మధ్యాహ్నం పూట కిటికీ తెరిచి ఫోన్లో చూస్తే అదేదీ మిగలదు. రాత్రి గదిలో లైటు తీసేసి, టీవీలో ‘డైనమిక్’, ‘వివిడ్’ లాంటి మోడ్‌లు ఆపేసి ‘సినిమా’ మోడ్ పెట్టుకోండి. కదలికను నున్నగా చేసే ఆప్షన్ ఉంటే అదీ ఆపండి. వీలైతే ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే మాటల వెనక కీచురాళ్ల రొద, సంగీతంలో సన్నగా సాగే మూలుగు కూడా వినిపిస్తాయి. టెన్షన్ సగం అక్కడి నుంచే వస్తుంది.

మన దగ్గర ఇలాంటిది ఎందుకు రాదని సెవెన్ రోడ్స్ జంక్షన్ కుర్రాళ్లు అడుగుతారు. రాయడానికి సరుకు లేక కాదు. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖలో వకీలుగా పనిచేసిన రావిశాస్త్రి గారు పోలీసు స్టేషనుకీ కోర్టుకీ మధ్య నలిగే మనుషుల మీద రాసిన కథలు ఇవాళ్టికీ వేడి తగ్గలేదు. కాళీపట్నం రామారావు గారి ‘యజ్ఞం’ చివర్లో ఒక తండ్రి తన కొడుకునే చంపుతాడు. ఎవరు చంపారన్న ప్రశ్నకు అక్కడ చోటే లేదు. ఆ చేతికి కత్తి ఎలా వచ్చిందన్నదే కథంతా. 1964లోనే ఇక్కడ ఆ పని చేసి చూపించారు.

అడ్డమొచ్చేది ఇంకోటి. తెర మీద మన యాసని ఇప్పటికీ నవ్వించడానికో, పనిమనిషి పాత్రకో, రౌడీకో వాడుతున్నారు. దర్యాప్తు చేసే ఇన్‌స్పెక్టరు ఊళ్లోకి దిగగానే ఎక్కడిదో కాని తెలుగు మాట్లాడతాడు. రస్ట్, మార్టీ నోట లూసియానా, టెక్సస్ యాసలు ఎంత సహజంగా పలికాయో గమనించండి. వాళ్లు ఆ నేల మనుషులని మనం నమ్మింది ఆ మాట తీరు వల్లే. ఏ సాలూరు నుంచో వచ్చిన ఎస్సై శవం పక్కన గొంతుక్కూర్చుని, “ఏటయ్యిందో చెప్పండమ్మా, భయపడకండి” అని ఆ ఇంటి ఆడవాళ్లని అడిగే సీను ఒక్కటి, ఎవర్నీ నవ్వించే ఉద్దేశం లేకుండా తీయగలిగితే చాలు, మిగతా ఏడు గంటలూ చూడ్డానికి మేం సిద్ధంగా ఉన్నాం.